జానెడు ఎక్కువ

తొండుపల్లి దగ్గర పెద్దరోడ్డుకు పడమటి పక్కన ఉన్న చింతచెట్టు కింద దుర్గవ్వ రోజూ పొద్దున ఆరింటికల్లా పూలగంపలతో కూర్చునేది. ఒక గంపలో చేమంతులు, ఒక గంపలో బంతులు, పైన తడిగుడ్డ. విమానాశ్రయానికి పోయే కిరాయి కార్ల డ్రైవర్లు అక్కడ బండి ఆపి, అద్దం ముందున్న దేవుడికి మూరెడు దండ కొనుక్కుని పోయేవాళ్లు. చింతచెట్టు మీద దయ్యాలుంటాయంటారు. దుర్గవ్వ నోటికి జడిసి అవి ఎప్పుడో ఊరు విడిచి పోయి ఉంటాయని డ్రైవర్ల నమ్మకం.

రోడ్డుకు ఇవతల రాములు చాయ్ కొట్టు. బాలమల్లు రోజూ అక్కడ నిలబడి రెండు చాయ్‌లు తాగేవాడు. చెట్టు వంక చూసేవాడు. రోడ్డు మాత్రం దాటేవాడు కాదు. దుర్గవ్వ అతనితో మాట్లాడి ఆరేళ్లయింది.

బాలమల్లు చెట్లు కొట్టేవాడు. దుర్గవ్వ పెనిమిటి ఐలయ్య అతని జోడీ. ఆరడుగుల రంపానికి ఆ కొసన ఐలయ్య, ఈ కొసన బాలమల్లు. శంషాబాద్ నుంచి షాద్‌నగర్ దాకా ఎవరి చేలో పెద్ద చెట్టు కొట్టాలన్నా వీళ్లిద్దరికే కబురొచ్చేది.

ఆ రోజుల్లో చెట్టు పడితే నీడ కూడా దాంతోపాటే పడేది. దుంగలు బండెక్కి పోయినా నీడ అక్కడే ఉండిపోయేది. పెంటయ్య చేలో వాళ్లు కొట్టిన వేపచెట్టు పోయి పదిహేనేళ్లయింది. ఇప్పటికీ మిట్టమధ్యాహ్నం బర్రెలు వచ్చి ఆ నీడలోనే నెమరేస్తాయి. పొద్దు ఎటు తిరిగినా అది జరగదు. దీనికి షరతు ఒకటే. చెట్టు ఎటు పడాలో అటుపక్క ముందు గొడ్డలితో గాటు పెట్టి నోరు తెరవాలి. ఆ తర్వాత వెనక నుంచి వేసే కోత ఒకటే కోత కావాలి. లోపలికి పోయిన రంపం చెట్టు పడేదాకా బయటికి రాకూడదు. మధ్యలో తీసి రెండోపక్క పెట్టారా, నీడ ముక్కలై గాలికి పోతుంది. సాయంత్రానికి వెతికినా జాడ ఉండదు.

అందుకే ఐలయ్య అంటుండేవాడు. "రంపం చెట్టుకన్న జానెడు ఎక్కువ ఉండాలె, మల్లిగా. కట్టె కోసం గాదు, నీడ కోసం."

తర్వాత మిషన్లు వచ్చాయి. విమానాశ్రయం కడుతున్నారని ఊళ్లో భూములకు రెక్కలొచ్చిన కాలం అది. ఎవరో వెంచర్ వాళ్లు మామిడితోట కొన్నారు. మూడు వందల చెట్లు, పది రోజుల గడువు. బాలమల్లు ఆశపడి చెట్లు కోసే చిన్న మిషన్ ఒకటి కొన్నాడు. ముందున్న పట్టీ పదహారు ఇంచులే. దాని చుట్టూ పళ్లున్న చైను గిరగిరా తిరుగుతుంది. సగం చెట్టు ఇటు నుంచి, సగం అటు నుంచి కోశాడు. మూడు వందల నీడలు గాలికి పోయాయి. మిషన్ ముట్టనన్న ఐలయ్య, పని లేక అదే వెంచర్‌లో హద్దురాళ్లు మోయడానికి కుదిరాడు. మే నెల. అంత తోటలో తల దాచుకోను గొడుగంత నీడ లేదు. మూడోరోజు ఎండదెబ్బ తాకి కుప్పకూలాడు. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది.

కర్మ రోజున బాలమల్లు బియ్యం మూట భుజాన వేసుకుని వెళ్తే, దుర్గవ్వ ఏడవలేదు, తిట్టలేదు. "ఆడ ఒక్క నీడ ఉంచకపోతివి," అంది. అంతే. తిట్టినా బాగుండేదని బాలమల్లు ఆరేళ్లుగా అనుకుంటూనే ఉన్నాడు.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చేస్తున్నారు. చింతచెట్టు మొదలుకు ఎవరో తెల్లరంగుతో నంబరు వేసి పోయారు. రోడ్డు పని చూసే సూపర్‌వైజర్ రాఘవేందర్ చాయ్ కొట్టు దగ్గరే బాలమల్లును పట్టుకున్నాడు.

"ఆదివారం పొద్దుగాల అరగంట బండ్లు ఆపుతం. అరగంటల చెట్టు పడాలె. మొద్దు భూమికి సమానంగ ఉండాలె. అయితదా?"

"అయితది సార్. పెద్ద మిషన్ తెస్త."

"పెద్దదెందుకు? ఉన్నదాంతోనే అటిటు కోసెయ్యరాదు?"

"నీడ పోతది సార్."

"టెండర్ల చెట్టే రాసిన్రు. నీడ రాయలె," అన్నాడు రాఘవేందర్. మనిషి చెడ్డవాడేం కాదు. కాగితంలో లేనిది కళ్లకు ఆనదు, అంతే. "అయినా నీ ఇష్టం. రోడ్డు మీద మాత్రం పడొద్దు."

అతను పోయాక రాములు గ్లాసులు కడుగుతూ గొంతు తగ్గించాడు.

"అవ్వ సోమవారం షాద్‌నగర్ పోతదట. వాళ్ల అన్న అక్కడ మిల్లుల పని చూసిండట. ఇంకేం చేస్తది? రేకు కింద కూసుంటే పూలు ఉడుకుతయి. పరదా కడితే పీకేస్తరు. నీడ ఉంటెనే గద ఆమె బతుకు."

బాలమల్లు రెండో చాయ్ తాగలేదు. పాత రంపంతో ఆ చెట్టు అరగంటలో తెగదు. తెగినా, ఆ కొసన కూర్చోవడానికి ఐలయ్య లేడు. కొత్త రోడ్డు గీతకు అవతల, కాలువ పక్కన, ఎవరిదీ కాని ఖాళీ జాగా ఒకటుంది. చింతనీడను చిరగకుండా తెచ్చి అక్కడ పడుకోబెడితే దుర్గవ్వ షాద్‌నగర్ పోనక్కర్లేదు. చిరిగితే, ఐలయ్యను ఎండకు వదిలిన చేతులే ఆమెనూ వదిలినట్టు.

మర్నాడు తాడు పట్టుకుని రోడ్డు దాటాడు. దుర్గవ్వ మొదలుకు వీపు ఆనించి దండ గుచ్చుతోంది. చెట్టు చుట్టూ మోకాలెత్తు గద్దె. ఇరవై ఏళ్లుగా ఆమే ఎర్రమట్టి మెత్తి మెత్తి పెంచింది. "వదినె, జర లే" అంటే సరిపోయేది. ఆ మూడు మాటలు బాలమల్లు గొంతు దాటలేదు. ఆమె తల మీదుగానే చెట్టు చుట్టూ తాడు తిప్పి కొలిచాడు. తాడు జుట్టుకు తగిలింది. ఆమె కొప్పు సర్దుకుంది, తల ఎత్తలేదు. బాలమల్లు చుట్టుకొలతను మూడు మడతలు పెట్టాడు. అదే చెట్టు మందం. ముడి వేసి జేబులో పెట్టుకున్నాడు.

రాణిగంజ్‌లో మిషన్లు అమ్మే జయకర్ కోస్తా మనిషి, మర్యాదస్తుడు. గల్లా వెనక గోడకు చర్చి క్యాలెండర్ వేలాడుతోంది. తాడు చూడగానే అడిగాడు.

"నీడ కావాలా అండీ, ఒట్టి కట్టెనా?"

"నీడ."

జయకర్ కళ్లజోడు సవరించుకున్నాడు. "ఈమధ్య నీడ అడిగేవాళ్లే లేరు. అందరికీ ఇరవై ఇంచుల బారు సరిపోతోంది. అటూ ఇటూ కోసుకుపోతున్నారు." చైను తిరిగే పట్టీని వాళ్లు బారు అంటారు. గోడకు తగిలించిన వాటిలోంచి పొడవైనది తీసి బల్ల మీద పరిచి, పక్కన తాడు మడతలు పెట్టాడు. "మీ చెట్టు ముప్పై మూడు. ఇది ముప్పై ఆరు."

"గా చిన్న మిషన్‌కు ఇది ఎక్కదా?" బాలమల్లు మూలనున్న తక్కువ ధర మిషన్ చూపించాడు.

"ఎందుకెక్కదూ! అది అరవై సీసీ. తగిలించి ఇమ్మంటే ఇస్తాను. కానీ బారంతా చెట్టులో మునిగాక చైను లాగడానికి దాని బలం చాలదండీ. మధ్యలో ఆగిపోతుంది. మీ నీడ అక్కడితో సరి. చింతంటున్నారు, లోపల చేవ నల్లగా రాయిలా ఉంటుంది. ఇదిగో, ఈ తొంభై సీసీది తీసుకోండి. బరువెక్కువ, నూనె ఎక్కువ తాగుతుంది. కానీ ఆగదు."

"అంటే నాగలి పెద్దగుంటె చాలదు, ఎద్దు గుడ ఉండాలె."

"అంతే కదండీ."

బాలమల్లు మళ్లీ తాడు వంక చూశాడు. "జానెడు ఎక్కువ కావాలె నాకు. ఇది మూడు ఇంచులే ఎక్కువున్నది."

"నలభై రెండు ఇంచులది తెప్పిస్తాను. పది రోజులు పడుతుంది."

ఆదివారానికి మూడు రోజులే ఉన్నాయి. ముప్పై మూడుకు ముప్పై ఆరు చాలదా అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. ఇంట్లో ఉన్న పాత మిషనూ, పెంచుకుంటున్న మేకల్లో సగమూ ఆ కొత్తదానికి పోయాయి. భార్య అరుణ బోసిపోయిన దొడ్డి వంక చూసి, "ఐలన్న కోసమా?" అంది. అవునంటే మిగిలిన మేకలకు మేత వేసింది.

ఆదివారం పొద్దున బండ్లు ఆగాయి. దుర్గవ్వ చాయ్ కొట్టు పక్కన నిలబడింది. కాళ్ల దగ్గర పూలగంపలు, మర్నాటి ప్రయాణానికి రాములు దగ్గర ఉంచను తెచ్చిన బట్టల మూట, గోనెపట్టాలో చుట్టిన ఆరడుగుల రంపం. ఊరికి పోయేవాళ్లు వంటసామాను తీసుకుపోతారు. ఆమె ముందుగా సర్దింది ఆ రంపాన్ని.

కూలీలు గడ్డపారలతో గద్దె పగలగొట్టారు. ఎర్రమట్టి పెళ్లలు పెళ్లలుగా ఊడిపోయి మొదలు బయటపడింది. గద్దె కింద చెట్టు వెడల్పైపోయి ఉంది. తాడు చుట్టూ అందలేదు. మళ్లీ కొలిస్తే నలభై ఇంచులు. లెమ్మని ఒక్కమాట అనలేక తల మీదుగా కొలిచిన కొలత మరి.

"సార్, జర మీదికి కోస్త."

"మీదికి కోస్తే మొద్దు మల్ల ఎవడు తవ్వాలె? బండ్లు ఆగి ఉన్నయి, కానీ!" అన్నాడు రాఘవేందర్.

బాలమల్లు పడమటి పక్క గొడ్డలితో గాటు పెట్టాడు. వెనక్కి వచ్చి మిషన్ అందుకున్నాడు. తాడు లాగితే రెండో గుంజుకే అది గర్జించింది. మొదట పసుపు రంపపుపొట్టు చిమ్మింది. తర్వాత ఎర్రది. తర్వాత నల్లది. చేవ వచ్చింది. బారు మొత్తం లోపలికి పోయింది. ఇంజను బెరడుకు ఆనుకుంది. అవతల కొస మాత్రం బయటికి రాలేదు. నాలుగు ఇంచుల చెట్టు ఇంకా అటుపక్క మిగిలే ఉంది.

ఇప్పుడు బయటికి లాగి అటుపక్క నుంచి పెడితే రెండు నిమిషాల పని. అతని చేతులు అప్పటికే వెనక్కి రాబోయాయి. మూడు వందల చెట్లకు అలవాటు పడ్డ చేతులు. రోడ్డు అవతల దుర్గవ్వ ఎండకు కొంగు కప్పుకుని చూస్తోంది. చెట్టు మరీ బలిసి ఉంటే ఐలయ్య ఏం చేసేవాడో బాలమల్లుకు అప్పుడు గుర్తొచ్చింది. "రంపం తియ్యకు, మల్లిగా. నువ్వే తిరుగు."

బాలమల్లు తిరిగాడు. బారు లోపలే ఉంది, ఇంజను పూర్తి బలంతో అరుస్తోంది. అతను దాన్ని కడుపుకు అదుముకుని చెట్టు వెనక అడుగులో అడుగు వేస్తూ అవతలి పక్కకు నడిచాడు. చిన్న మిషన్ అయితే అక్కడే ఊపిరి వదిలేది. ఇది వణికింది, పొగ కక్కింది, ఆగలేదు. చేతులు మొద్దుబారాయి. చెట్టు లోపల ఎక్కడో పెళపెళమంది. చివరి మూల మాత్రం కోతకు అందకుండా చిరిగినట్టుగా తెగింది. చింతచెట్టు పడమటికి ఒరిగి, కాలువ అవతలి ఖాళీ జాగాలో పడింది. దుమ్ము లేచింది. రెప్పపాటు తర్వాత నీడ కూడా వచ్చి చప్పుడు లేకుండా దాని పక్కన వాలింది.

"ఇరవై ఆరు నిమిషాలు," అన్నాడు రాఘవేందర్ గడియారం చూసుకుని, బండ్లకు చెయ్యి ఊపాడు.

సాయంత్రానికి దుంగలన్నీ లారీ ఎక్కిపోయాయి. సోమవారం పొద్దున బాలమల్లు చాయ్ కొట్టు దగ్గరికి వచ్చేసరికి దుర్గవ్వ మూట, గంపలు, రంపంతో బస్సు కోసం నిలబడి ఉంది. అతను ఆమె వంక చూడలేకపోయాడు. గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. విమానం ఒకటి తక్కువ ఎత్తులో వచ్చింది. దాని నీడ రోడ్డు దాటి, కాలువ దాటి, చింతనీడలో కలిసి కనపడకుండా పోయి, అవతల మళ్లీ తేలింది. దుర్గవ్వ దాన్నే చూస్తోంది.

ఒక డ్రైవర్ కారు ఆపి అద్దం దించాడు. "అవ్వా, దండ లేదా?"

దుర్గవ్వ మూట కొట్టు పక్కనే దించింది. గంపలు ఎత్తుకుని రోడ్డు దాటింది. ఖాళీ జాగా దగ్గర ఆగి, నీడలో ముందు ఒక కాలు పెట్టి చూసింది. చల్లగా ఉంది. రెండో కాలు పెట్టింది. గోనెసంచి పరిచి కూర్చుని, గంప మీది తడిగుడ్డ తీసింది.

షాద్‌నగర్ బస్సు వచ్చి ఆగింది. రాములు గోనెపట్టా చూపించి, "గీ రంపం ఎక్కదంట, పోనీయుండ్రి," అన్నాడు కండక్టర్‌తో. బస్సు పోయింది.

"మల్లూ!"

బాలమల్లు తనను కాదేమో అనుకున్నాడు. రెండోసారి పిలిస్తే గ్లాసు అక్కడే పెట్టి రోడ్డు దాటాడు. నీడ అంచున, కాస్త దూరంగా కూర్చున్నాడు. సరిగ్గా కోతకు అందక చిరిగిన మూల అదే. అక్కడ పళ్లెమంత ఎండ నేరుగా అతని తల మీద పడుతోంది.

దుర్గవ్వ దండలోంచి తల ఎత్తలేదు.

"ఆడ కూసోకు. ఆ మూల నీడ లేదు. గిటు జరుగు, ఎండదెబ్బ తాకుతది."

బాలమల్లు కళ్లు తుడుచుకుని జానెడు జరిగాడు.

"ఇంక జర," అంది దుర్గవ్వ.