సెకండ్ గేర్ అల్లుడు

కళ్లజోళ్ల షాపాయనకు కారుంది, లైసెన్సుంది, ఆ రెంటికన్నా పెద్ద నోరుంది. "నేను స్టీరింగ్ పట్టుకుంటే వెనక సీట్లో వాళ్లకి కునుకు పడుతుంది" అని అత్తగారింట్లో తెగ కోసేవాడు. తన కారులో గేర్లు వాటంతటవే పడతాయన్న సంగతి మాత్రం ఎప్పుడూ ఎత్తలేదు.

అత్తగారిల్లు కొండ మీద. స్కూలు వ్యాను నడిపే మరదలికి ఎడమ కాలు బెణికింది. కొండ కిందున్న డాక్టరుకి చూపించాలి. చూడ్డానికి బస్సులో వచ్చిన అల్లుణ్ని చూడగానే అత్తగారు, "మీరుండగా మాకేం దిగులు, అల్లుడు గారూ!" అంటూ తమ పాత కారు వెనక సీట్లో సర్దుకుని కూర్చుంది.

అల్లుడు కిందికి చూశాడు. మూడు పెడళ్లు.

"గేర్ల బండి నడిపి పదేళ్లయింది" అని పక్కనున్న మరదలి చెవిలో గొణిగాడు. "మీ అమ్మకి చెప్పకు. పరువు పోతుంది."

"పరువుదేముంది బావా, ప్రాణాలుంటే మళ్లీ సంపాదించుకోవచ్చు. క్లచ్ నువ్వు తొక్కు, గేరు నేను వేస్తా. మెల్లగా పోదాం."

మొదటి మలుపు దాటగానే వాన, దాని వెనకే పొగమంచు. అల్లుడు పెద్ద లైట్లు వేశాడు. ఎదురుగా తెల్లటి గోడ లేచింది.

"ఆర్పెయ్ బావా! మంచు మీద పడి వెలుగంతా మన కళ్లలోకే కొడుతుంది. డిమ్ లైట్లు చాలు."

అతను భయంతో బ్రేకు మీద నుంచి కాలు తియ్యడం లేదు.

"ఏదో మాడుతోంది. పొయ్యి కట్టేశానా?" అంది అత్తగారు.

మరదలికి అర్థమైంది. రోడ్డు వెడల్పుగా ఉన్నచోట పక్కకి ఆపించింది. "బ్రేకులు చల్లారనీ. సెకండ్ గేర్లో దిగితే బండిని ఇంజనే పట్టి ఉంచుతుంది. బ్రేకు అప్పుడప్పుడూ తొక్కితే చాలు."

"గేరు మీద నీ చెయ్యెందుకే?" అంది అత్తగారు.

"బావకి చెయ్యి నొప్పమ్మా."

"అయ్యో, చెప్పరేం!" అత్తగారు సంచిలోంచి నొప్పుల మందు తీసి, అల్లుడి చొక్కా చెయ్యి పైకి మడిచి మర్దనా మొదలుపెట్టింది. ఆ ఘాటుకి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆపండత్తయ్యా! చెయ్యి బాగానే ఉంది. నాకు గేర్లే సరిగ్గా రావు."

అత్తగారు మూత బిగించింది. "ఆ ముక్క ఇంటి దగ్గరే చెప్పుంటే దారి చూస్తూ కూర్చునేదాన్నిగా." అద్దం దించి, వానకి మొహం ఒగ్గి, రోడ్డంచు తెల్లగీతని చూడసాగింది.

మళ్లీ బయల్దేరబోతే బండి రెండుసార్లు ఎగిరిపడి ఆగింది. "క్లచ్ అంత గబుక్కున వదలకు. నిద్రపోయిన పసిదాని తల కిందనుంచి చెయ్యి తీసినట్టు తియ్యి" అంది మరదలు. మూడోసారి కారు మెత్తగా కదిలింది.

"గీతకి దగ్గరగా వచ్చేశారు... ఆఁ, ఇప్పుడు బాగుంది... మలుపొస్తోంది, హారన్ కొట్టండి" అని అత్తగారు వెనకనుంచి. ఇంజన్ మూలుగుతూ, వేగం పెరక్కుండా దిగుతోంది. కాసేపటికి అల్లుడి భుజాలు చెవుల దగ్గరనుంచి కిందికి జారాయి. మరో రెండు మలుపులయ్యాక మరదలి చెయ్యి పక్కకి నెట్టి గేరు తానే పట్టుకున్నాడు.

కొండ దిగారు. వాన వెలిసింది. రోడ్డు చదునుగా, ఖాళీగా ఉంది. కారు మాత్రం మూలుగుతూనే నడుస్తోంది. వెనక లారీలు, ఆటోలు బారులు తీరి హారన్లు మోగిస్తున్నాయి.

"థర్డ్ వెయ్యి బావా."

"వెయ్యను. నన్ను కాపాడిన గేరిది."

"నాన్నా, ఆ సైకిలాయన మనల్ని దాటిపోతున్నాడు" అంది అత్తగారు, మొదటిసారి 'అల్లుడు గారూ' అనడం మర్చిపోయి.