పత్రికలో ఈత కబురు

తను చదివిన చిన్న క్యాథలిక్ కాలేజీ ఏటా పంపే పూర్వ విద్యార్థినుల పత్రికలో తన గురించే చదివి నర్సు బిత్తరపోయింది. 'ఆపరేషన్ థియేటర్‌కు మారింది. నలభయ్యో ఏట ఈత నేర్చుకుంటోంది.' ఆ కబురు తను పంపలేదు. ఈత సంగతి భర్తకు తప్ప నరమానవుడికి తెలియదు.

ఎవరో తన మీద కన్నేసి ఉంచారని గుబులు పట్టుకుంది. బట్టలు మార్చుకునే గదిలో తోటి నర్సులను ఒక్కొక్కరినే ఓరకంట గమనించింది. ఎవరూ చిక్కక, చివరికి కాలేజీలో పత్రిక నడిపే సిస్టర్‌కు ఫోన్ చేసింది.

"మీ అక్కే పంపిందమ్మా. తనూ మా దగ్గర చదివిందేగా!" అన్నారు సిస్టర్.

అమ్మ వైద్యం విషయంలో మాటామాటా పెరిగి, అక్కతో ఆరేళ్లుగా మాటల్లేవు. అనుమానం నేరుగా ఇంటికే వచ్చి వాలింది.

బట్టలు మడతపెడుతున్న భర్త ముందు పత్రిక పడేసింది. "నా కబుర్లు మోస్తున్నది మీరేనా?"

అతను తల దించుకున్నాడు. "వదిన నెలకోసారి ఫోన్ చేస్తుంది. నువ్వెలా ఉన్నావనే అడుగుతుంది. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది."

ఆమెకు ఒళ్లు మండింది. రెండు రోజులు అతని మొహం చూడలేదు. మూడోనాడు డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది.

"ఈసారి ఫోనొస్తే నాకివ్వండి. ఇంకా ఏమేం చెప్పారో అక్కనే అడుగుతాను."