పిన్నికి పడని మోకాలు

నడుము కింద కాళ్లున్నాయో లేవో జాకెట్లు కుట్టే కుట్టుపిన్నికి తెలియడం లేదు. వెన్నులో మత్తు సూది వేసి, ఛాతీ దగ్గర అడ్డంగా తెర కట్టారు. తెర అవతల డాక్టరు అరిగిపోయిన ఆవిడ మోకాలు తీసి లోహపుది పెట్టబోతున్నాడు. గుండెకు మాత్రం మత్తెక్కలేదు, దడదడలాడుతోంది.

అవతల ఏదో ఖంగుమంది.

"అదేం లోహం సిస్టరూ?" అంది పిన్ని, ఊరికే మాట కలిపినట్టు.

"కోబాల్టు, క్రోమియం కలిపిందండీ. కాస్త నికెల్ కూడా ఉంటుంది. గట్టిది, భయపడకండి."

నికెల్! పిన్నికి పైప్రాణాలు పైనే పోయాయి. తెల్లగా మెరిసే జాకెట్టు హుక్కు ఒంటికి తగిలితే చాలు, ఆవిడకు పొక్కులు లేచి రసి కారేది. ఆ పాపం నికెల్‌దేనని చర్మం డాక్టరు ఎప్పుడో చెప్పాడు. అప్పట్నుంచి కొత్తరకం హుక్కులు వస్తే, ముందొకటి మణికట్టుకు ప్లాస్టరుతో అంటించుకుని మర్నాడు చూసుకున్నాకే ముట్టుకునేది. అంత జాగ్రత్తపరురాలూ నిన్న ఆస్పత్రిలో చేర్చుకుంటూ "మీకేమైనా పడవా?" అని అడిగితే, మందుల సంగతనుకుని "రాళ్లు తిన్నా అరాయించుకుంటా" అని గొప్పలు పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే జాతే మనందరిదీ!

చెబితే ఆపేస్తారు. ఈ రోజు కోసం ఎంత మూలిగింది! చెప్పకపోతే? హుక్కయితే విప్పి అవతల పారేయొచ్చు. ఎముకలో దిగ్గొట్టింది విప్పేదెలా? లోపల దురద పుడితే ఎక్కడని గోక్కోవాలి?

"డాక్టరుగారూ, కొయ్యకండి!"

తెరమీంచి డాక్టరు తొంగిచూశాడు. పిన్ని ఏడుస్తూనే అంతా చెప్పింది.

"చర్మానికి పడనిది లోపల పడొచ్చు, పడకపోనూవచ్చు. పడకపోతే మళ్లీ కోసి తియ్యాలి. ఇంకా కత్తి పెట్టలేదు, నయం," అని ఆయన సిస్టరు వైపు తిరిగాడు. "నికెల్ లేని రకం ఈవిడ సైజులో ఉందా?"

లేదు, తెప్పించాలట.

ఆపరేషన్ వాయిదా వేసి వార్డులో మంచం మీదికి చేర్చాక చెల్లెలు వచ్చి, "నీ నోట్లో మన్నుబడ, ఆ ముక్క నిన్నే ఏడవచ్చుగా!" అని తిట్టి, కళ్లు తుడుచుకుని పాదం నొక్కింది. "తెలుస్తోందా అక్కా?"

తెలియలేదు. మళ్లీ నొక్కింది. ఊహూఁ. ఈ కాళ్లు ఇక ఇంతేనేమోనని పిన్నికి కొత్త భయం పట్టుకుంది. చెల్లెలి చెయ్యి వదల్లేదు.

చాలాసేపటికి బొటనవేలు కదిలింది. తర్వాత మోకాలు కాస్త మడవబోతే లోపల కలుక్కుమంది. ఏళ్ల తరబడి పొద్దున లేస్తూనే తిట్టిపోసిన పాత నొప్పి.

"వచ్చావా తల్లీ!" అంటూ పిన్ని ఆ మోకాలిని రెండు చేతులా పట్టుకుని బావురుమంది.