ఎడమచేతి పసుపుదారం

మునెయ్యకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మగ్గం మీద పోగు తెగినా కోపమే, బస్సు ఆలస్యమైనా కోపమే. అలాంటి మనిషి నెల రోజులుగా ఎవరిమీదా అరవలేదు. రెండేళ్లుగా వారానికి మూడుసార్లు నగరి నుంచి తిరుపతికి బస్సులో వెళ్లి, నాలుగేసి గంటలు డయాలసిస్ చేయించుకుని, దారంతా వాంతులు చేసుకుంటూ తిరిగొచ్చే భార్య వనజాక్షి నెల కిందట ఒకరోజు తేల్చి చెప్పేసింది.

"ఇంక నాతో కాదు. నన్ను ఇంట్లోనే వదిలెయ్యి."

వదిలేస్తే పదిహేను రోజులు కూడా బతకదని ఇద్దరికీ తెలుసు. అప్పటినుంచి ఆమెను బతిమాలి బతిమాలి బస్సెక్కిస్తున్నాడు.

ఇంతలో ఊళ్లోని మిషన్ ఆస్పత్రిలోనే డయాలసిస్ మొదలైంది. భవనం, మనుషులు చర్చివాళ్లవి. యంత్రాలు, మందులు ప్రభుత్వానివి. రోగికి ఖర్చు లేదు. "ఒక్కసారి సూద్దాం రా. బాగలేకపోతే ఇంక నిన్ను యాడికీ రమ్మనను" అని తీసుకొచ్చాడు మునెయ్య. అన్నాడే గానీ, ఆ మాట అన్నప్పటినుంచి అతనికి ముద్ద దిగలేదు.

మంచం మీద పడుకోబెట్టగానే నర్సు పాల్ ఆమె ఎడమచేయి చూశాడు. "ఈ దారం తీయాలక్కా."

మొన్న శుక్రవారం తిరుచానూరులో అమ్మవారికి మొక్కుకుని మునెయ్య కట్టిన పసుపుదారం అది. ఆడవాళ్లకు ఎడమచేతికే కదా కడతారు! మునెయ్య గోడమీది శిలువ వంక చూశాడు. అంతే, నెల రోజుల కోపం ఒక్కసారిగా లేచింది.

"నేననుకుంటానే ఉండా! ఈడికి రావాలంటే మా అమ్మవారిని వాకిట్లో ఇడిసిపెట్టి రావల్లనా? సర్కారు మీకు మిషన్లిచ్చింది ఇందుకేనా? లెయ్ వనజా, పోదాం."

"పెద్దాయనా, సూది గుచ్చే చేతికి ఏదీ బిగుతుగా ఉండగూడదు, రక్తం ఆగిపోతాది" అన్నాడు పాల్, గొంతు పెంచకుండా. "నా చెల్లెలైనా తీయమనే చెప్తా."

వనజాక్షి నీరసంగా నవ్వింది. "తిరుపతిలో ఆ చేతి గాజులు తీయమన్నప్పుడు నువ్వే గదయ్యా తీసినావు? అప్పుడు ఏ దేవుడు గుర్తొచ్చినాడు?"

మునెయ్యకు తల కొట్టేసినట్టయింది. పాల్ కత్తెర ముట్టకుండా ముడి ఓపిగ్గా విప్పి, దారం అతని చేతిలో పెట్టాడు. "కుడిచేతికి నువ్వే కట్టు పెద్దాయనా."

తర్వాత నాలుగు గంటలూ మునెయ్య వరండాలో బల్ల మీద ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. ఇంత రభస చేశాక ఆమె ఏమంటుందో! మాటిచ్చాడు, ఇంక అడగడానికి లేదు.

మిట్టమధ్యాహ్నం పాల్ చేయి పట్టుకుని వనజాక్షి నడిచి వచ్చింది. మొహం తేటగా ఉంది. ఇల్లు రెండు వీధుల అవతలే. మునెయ్య లేచి నిలబడ్డాడు.

ఆమె అతని వైపు చూడనైనా లేదు. పాల్‌నే అడిగింది.

"ఎల్లుండి ఎన్ని గంటలకి రావల్ల నాయనా?"

పాల్ చెప్పిన టైము మునెయ్యకు వినబడలేదు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, వరండాలో వాళ్లంతా తిరిగి చూసేలా ఏడుస్తున్నాడు.