జగ్గమ్మ చెప్పుకోని దురద

కళింగపట్నం జగ్గమ్మ గొంతు గార దాకా ఊళ్ళన్నిటికీ తెలుసు. పొద్దున్న పడవలు ఒడ్డుకు చేరగానే మొగుడు దాలయ్య తెచ్చిన చేపల్ని ఏరి, గంపకెత్తుకుని, ఆటో ఎక్కి ఊళ్ళు తిరిగి అమ్మేది. మిగిలిన కవ్వళ్ళలాంటి చిన్న చేపలకి ఉప్పు పట్టించి ఇసకలో ఎండబెట్టేది. ఏభై దాటిన మనిషి. ముట్లు ఆగిపోయి కొన్నేళ్ళయింది. ఒక్కడే కొడుకు చినబాబు, తండ్రితో పాటు వేటకి వెళ్తాడు. కోడలు కుమారి జగ్గమ్మకి సొంత అన్న కూతురు. ఊహ తెలిసినప్పట్నుంచీ ‘అత్తా’ అని వెంట తిరిగిన పిల్ల.

హుద్‌హుద్ తుఫాను వెళ్ళిన మరుసటి ఏడాది జగ్గమ్మకి కింద దురద మొదలైంది. తడి చీరతో పొద్దంతా తిరగడం వల్లే అనుకుంది. ఒడ్డున పనిచేసే ఆడవాళ్ళందరికీ నడుం దాకా ఉప్పునీళ్ళే కదా, ఆరితే అదే పోతుందనుకుంది. పోలేదు. పగలు పనిలో పడితే కాస్త మరిచిపోయేది గాని పక్క మీద నడుం వాల్చిందంటే చాలు, గోకకుండా ఉండలేకపోయేది. గోకితే మంట, మానితే దురద.

ఆ రోజుల్లోనే ఒకసారి ఆటోలో పక్కనున్న ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. అలాంటివి జగ్గమ్మకి కొత్త కాదు. మామూలుగానైతే ‘సేపల గంపలో మల్లెపూల వాసనెక్కణ్ణించొస్తాదమ్మా’ అని అందర్నీ నవ్వించేది. ఆ రోజు మాత్రం నోరు పెగల్లేదు. ఆ వాసన గంపలోంచి కాదు, తనలోంచే వస్తోందని మనసులో పడిపోయింది. శుభ్రం చాలకే ఈ దురదంతా అనుకుంది.

అక్కణ్ణించి కడగడం మొదలుపెట్టింది. ఘాటైన సబ్బు పెట్టి రుద్దేది. గాయాలు కడుక్కునే మందు నీళ్ళలో కలిపి, లోపలికంటా వేళ్ళు పెట్టి కడిగేది. కడిగినప్పుడు భగ్గుమనేది. మందు పనిచేస్తోంది కాబట్టే మండుతోందని పళ్ళ బిగువున ఓర్చుకునేది. మందుల షాపుకి వెళ్ళి దురదకి మందిమ్మంది. ఎక్కడమ్మా అని అడిగితే ‘కాలికి’ అని చెప్పింది. షాపతను తామర మందు ఇచ్చాడు. అది రాసుకున్న పూట జగ్గమ్మ దొడ్లో కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

పక్క వేరు చేసుకుంది. ఉక్కగా ఉందని చెప్పి చాప పట్టుకుని వసారాలోకి పోయింది. పెళ్ళాం తన మీద ఎందుకో అలిగిందనుకున్నాడు దాలయ్య. ఒకరోజు ఆమెకిష్టమని వంజరం చేప అమ్మకానికి వేయకుండా ఇంటికి తెచ్చాడు. ఆమె దాన్ని తీసి గంపలో పడేసింది. అతను కొన్నాళ్ళు చూసి, ఇంక ఉండబట్టలేక వల బాగుచేసుకుంటూ కోడల్ని అడిగాడు.

“మీ అత్తకి నామీద ఏటి కోపమే?”

“నాకేటి తెలుసు మావా. నాతోటీ సరిగా మాటాడ్డం నేదు” అంది కుమారి.

నిజానికి కుమారి అప్పటికే కొన్ని గమనించింది. అత్త కూర్చునేటప్పుడు ఓ పక్కకి ఒరిగి కూర్చుంటోంది. ఒంటేలుకి వెళ్ళొస్తే మొహం ముడుచుకుపోతోంది. ఓ ఉదయం గుడ్డలు తడుపుతుంటే అత్త లంగా మీద నెత్తుటి చుక్కలు కనిపించాయి. కుమారి లంగాని బకెట్లో ముంచేసి, అత్త బజారు నుంచి వచ్చి చేతులు కడుక్కునేదాకా ఆగింది. ఇంట్లో మగవాళ్ళు లేరు.

“అత్తా, ముట్లాగిపోయి ఇన్నేళ్ళయితే నెత్తురెక్కణ్ణించి వచ్చినాదే?”

“నా గుడ్డలు నువ్వెందుకు ముట్టుకున్నావే?” జగ్గమ్మ కసిరింది.

“ముట్టుకున్నాన్లే. సెప్పు.”

“ఏటీ నేదు. పుండేదో అయ్యుంటాది.”

కుమారి కదల్లేదు. గుమ్మంలోనే కూర్చుని, గొంతు తగ్గించి తన సంగతి చెప్పింది. పెళ్ళైన కొత్తలో టీవీలో చూసి, వాసనొచ్చే లిక్విడేదో కొనుక్కుని రోజూ కడుక్కునేదట. నెల తిరక్కుండా దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట. ఎవరికీ చెప్పుకోలేక ఏడ్చి, చివరికి శ్రీకాకుళంలో లేడీ డాక్టరు దగ్గరికి వెళ్ళిందట.

“మందిచ్చీసి, ముందు ఆ సీసా అవతల పారీమని నవ్వినాదత్తా. నన్నేటీ అన్నేదు. నేనే అనవసరంగా బయపడిపోనాను.”

జగ్గమ్మ వచ్చి ఆమె పక్కన కూలబడింది.

“నీకంటే కొత్తగా పెళ్ళైనాది. నాకీ వయసులో ఏటే?” అంది. “సర్మం పల్సబడి ముడతలు పడ్డట్టున్నాది, సేతికి తెలుస్తన్నాది. తామరో, ఇంకేటో. కేన్సరేమో కూడాను. తెలిస్తే మీ మావ ఏటనుకుంటాడు?”

“నువ్వు అలిగీసినావని అనుకుంటన్నాడు పాపం. రేపు ఎల్దాం, పద.”

మర్నాడు జగ్గమ్మ ఒంటినిండా సబ్బు రుద్దుకుని, పెట్టెలోంచి చలువ చీర తీసి కట్టుకుంది. శ్రీకాకుళం బస్సులో కిటికీ పక్కన ఎవరికీ తగలకుండా ముడుచుకుని కూర్చుంది. ఆస్పత్రి బల్ల మీద కూర్చుని, పేరు పిలిచేలోపు రెండుసార్లు లేచి ఇంటికి పోదామంది. కుమారి చెయ్యి వదల్లేదు.

కుమారికి మందిచ్చిన ఆ డాక్టరు పేరు అరుణశ్రీ, రాజాం అమ్మాయి. ముప్పై అయిదేళ్ళుంటాయి. జగ్గమ్మ చెప్పలేక నీళ్ళు నములుతుంటే తొందరపెట్టలేదు. దురద ఎప్పట్నుంచి, మంట ఎప్పుడు, ఏమేం రాశారు అని ఒక్కొక్కటే అడిగింది. తామర మందు సంగతి, ఘాటు నీళ్ళ సంగతి విని తలూపింది. తెర చాటున పడుకోబెట్టి, మెల్లగా పరీక్ష చేసింది.

“జగ్గమ్మగారూ, మీరెప్పుడైనా అద్దంలో చూసుకున్నారా?”

“ఓలమ్మా! అదేం మాట డాట్రమ్మా. ఇద్దర్ని కన్నాను, ఒక్కడు దక్కినాడు. ఎప్పుడూ సూసుకోనేదు.”

“ఇప్పుడు చూడండి. ఎక్కడ మందు రాయాలో మీకు తెలియాలి కదా.”

చిన్న చేతి అద్దం పట్టి చూపించింది. జగ్గమ్మ ముందు కళ్ళు మూసుకుంది. తర్వాత తెరిచింది. ఇన్నేళ్ళు తనతో ఉన్న ఒంటినే మొదటిసారి చూస్తోంది. ఎర్రగా రేగిన చర్మం, దాని మధ్యలో పల్చని కాగితంలా ముడతలు పడ్డ తెల్లని చోటు, గోళ్ళు గీసిన చిన్న చీలికలు. భయం వేసింది గాని, చీకట్లో ఊహించుకున్నంత భయంకరంగా ఏమీ లేదనిపించింది.

“బొల్లా అమ్మా?”

“కాదు. ఇదో రకం చర్మరోగం. ముట్లాగిన ఆడవాళ్ళలో ఎక్కువగా చూస్తాం. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. మీరు శుభ్రంగా లేక వచ్చింది అసలే కాదు.”

“మరి వాసనో?”

“మీ దగ్గర నాకు చేపల వాసన తప్ప ఇంకేం రాలేదు. అది మీ వృత్తి.” డాక్టరు చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. “బయటి భాగం వేరు, లోపలి దారి వేరమ్మా. లోపలి దారి తన్ను తాను శుభ్రం చేసుకుంటుంది, దాన్నెప్పుడూ కడగక్కర్లేదు. బయట మామూలు నీళ్ళు పోసుకుని, మెత్తటి గుడ్డతో అద్దుకోండి, రుద్దకండి. సబ్బు, మందునీళ్ళు ఈ రోజుతో బంద్. అక్కడి చర్మం కనురెప్పంత పల్చన. దాన్ని మీరు గచ్చు కడిగినట్టు కడిగారు.”

కుమారి ఫక్కున నవ్వింది. జగ్గమ్మకీ నవ్వొచ్చింది, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

“ఒడ్డు నుంచి రాగానే తడి లంగా మార్చుకోండి. నేనిచ్చే ఆయింట్‌మెంటు పల్చగా ఆ తెల్లని చోట మాత్రమే రాత్రిపూట రాయాలి. చెప్పినన్నాళ్ళు రాయాలి, తగ్గిందని మీ అంతట మీరు మానకూడదు. నెత్తురు ఆ చీలికల నుంచే అనిపిస్తోంది. అయినా లోపల్నుంచి కాదని స్కాన్ తీసి రూఢి చేసుకుందాం. షుగర్ కూడా చూద్దాం.”

“కేన్సరు కాదు గదా?”

డాక్టరు దాచలేదు. “ఇప్పుడు అలాంటిదేం కనిపించలేదు. కానీ ఈ జబ్బు పట్టించుకోకుండా వదిలేస్తే, ఎప్పుడో కొద్దిమందికి ఆ ముప్పుంది. అందుకే తగ్గాక కూడా ఏడాదికోసారైనా చూపించుకోండి. గడ్డగాని, మానని పుండుగాని కనిపిస్తే వెంటనే రండి.”

స్కాన్‌లోనూ రక్తపరీక్షలోనూ భయపడాల్సిందేమీ కనిపించలేదు.

ఆ సాయంత్రం జగ్గమ్మ వసారాలో దాలయ్య పక్కన కూర్చుని, సముద్రం వైపు చూస్తూ చెప్పేసింది. అతను విని, చుట్ట ఆర్పాడు.

“ఇన్నాళ్ళు ఒక్కదానివే పడ్డావేటే? నేనేటో తప్పు సేసీసినాననుకున్నాను.”

“నువ్వేటి సేసినావు. కొన్నాళ్ళు నా జోలికి రాకు, అంతే.”

“రాన్లే. నొప్పుంటే ఎందుకొస్తాను?” అన్నాడు.

మొదటి వారంలోనే దురద సగం తగ్గింది. చీలికలు మానాయి. జగ్గమ్మ నిండా నిద్రపోయి లేచిన మొదటి ఉదయం, ఆటోలో ఆమె గొంతు మళ్ళీ గార దాకా వినిపించింది. తెల్లని చోటు పూర్తిగా పోలేదు. కొంత అలాగే ఉండిపోతుందని డాక్టరు ముందే చెప్పింది. డాక్టరు చెప్పినట్టే, రోజూ రాసే మందు వారానికి రెండుసార్లకి తగ్గింది.

వానలు మొదలయ్యే ముందు, ఇసకలో నెత్తళ్ళు ఎండబెడుతుంటే పక్కింటి కూర్మమ్మ దగ్గరికొచ్చి, తిరగేసిన చేపల్నే మళ్ళీ తిరగేస్తూ అంది.

“వదినా, కుమారి సెప్పినాది. నాకూ వాసనతోటి తెల్లబట్ట అవుతన్నాది. నీకాడున్న ఆ మందు కాస్తియ్యవా?”

“ఇయ్యను” అంది జగ్గమ్మ.

కూర్మమ్మ మొహం చిన్నబోయింది.

“కోపం తెచ్చుకోకే. అది నా రోగానికిచ్చిన మందు. నీదేటో నాకేటి తెలుసు? కాలికని సెప్పి నేను తామర మందు రాసుకున్నాను, నీకెందుకా బాధ. సోమారం ఎల్దాం, నేనొస్తాను.”

సోమవారం ఇద్దరూ బస్సెక్కారు. గార దాటాక కూర్మమ్మ జగ్గమ్మ చెవి దగ్గరికి వంగింది.

“ఆ డాట్రమ్మ అరుత్తాదేటే?”

“అరవదు. అడిగినదానికి ఉన్నదున్నట్టు సెప్పు, సాలు” అని జగ్గమ్మ కాస్త జరిగి, ఆమెకి కిటికీ పక్కన చోటిచ్చింది.