చౌడేశ్వరి పెట్టిన దిష్టిచుక్క

చౌడేశ్వరికి ఏమీ పాలుపోవడం లేదు. పదిహేను రోజులుగా కూతురు సాయిశ్రీ నవ్వితే ఒట్టు. ఎప్పుడన్నా నవ్వొచ్చినా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంటోంది. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్ల, కాలేజీకి వెళ్ళనని మొండికేసింది. పెరుగన్నం కలిపి నోటి దగ్గర పెట్టినా తల తిప్పేసుకుంటోంది. చేతిలో మాత్రం ఫోను. పోనీ వీడియోలు చూస్తోందా అంటే అదీ కాదు, ఏదో ఒక్కచోటే ఆపి అదే పనిగా చదువుకుంటోంది.

ఆ పాడు వీడియోతోనే ఇదంతా మొదలైందని ఆవిడ గట్టి నమ్మకం. చల్లపల్లిలో వాళ్ళ ఇంటి ముందుగదిలోనే చీరలమ్ముతారు. అమ్మకం కోసం తీసిన ఆ వీడియోలో, తండ్రి సత్యం నేసిన కొత్త చీర భుజాన వేసుకుని, మగ్గం పక్కన నిలబడి, పన్ను మీద పన్ను కనబడేలా పిల్ల పకపకా నవ్వింది. అంతే, అరనిమిషం. రెండు రోజుల్లో రెండు లక్షల మంది చూశారు. అంటే నాలుగు లక్షల కళ్ళు! ముక్కూమొహం తెలియనివాళ్ళంతా "ఎంత బాగున్నావో", "ఏం నవ్వు తల్లీ" అని రాస్తుంటే ఏ తల్లికి నిద్ర పడుతుంది చెప్పండి? ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేస్తే వీధిలోవాళ్ళ దిష్టి పోతుంది గానీ, ఫోన్లోవాళ్ళది ఎట్లా పోతుంది?

అందుకని ఫోన్లోనే ఒక దిష్టిచుక్క పెట్టింది. ఎవరైనా పిల్ల బాగుందంటే చాలు, "ఏం బాగులెండి, కాకిపిల్ల" అనడం పిల్ల పుట్టినప్పటి నుంచీ ఆవిడకి అలవాటు. ఆ వీధిలో తల్లులందరికీ అలవాటే. తన ఫోన్లో ఆ వీడియో కింద మైకు గుర్తు నొక్కి, "ఏం బాగుంది? నలుపు. ఆ పళ్ళు చూడండి, ఎట్లా ఎత్తుగా ఉన్నాయో" అంది. ఫోను బుద్ధిగా రాసిపెట్టింది. పేరుండాల్సిన చోట ఏవో అంకెలు పడ్డాయి. హమ్మయ్య అనుకుని పప్పుకి పోపు పెట్టడానికి వెళ్ళిపోయింది. మళ్ళీ ఆ సంగతే గుర్తులేదు.

అంత జాగ్రత్త పడ్డాక కూడా పిల్లకి ఇలా ఎందుకైందో ఆవిడకి అంతుపట్టలేదు. ఎర్రనీళ్ళు తీసింది. తాయెత్తు కట్టించింది. "ఎవరన్నా ఏమన్నా అన్నారామ్మా?" అని సత్యం బతిమాలితే పిల్ల గోడవైపు తిరిగి పడుకుంది. చివరికి ఒకరోజు తనే, "బెజవాడ తీసుకెళ్ళమ్మా, పళ్ళు సరిచేయించుకోవాలి" అంది.

"పళ్ళకేమొచ్చిందే? నిక్షేపంలా ఉంటేనూ!" అని ఎంత మొత్తుకున్నా వినలేదు. అన్నం తింటానని మాటిచ్చాకే చౌడేశ్వరి బస్సెక్కించింది.

బెజవాడలో పళ్ళ డాక్టరు హెలెన్ గారు నోరు తెరిపించి చూశారు. "బాగానే ఉన్నాయమ్మా. ఒక్క పన్ను కాస్త పక్కకుంది, అంతే. అదీ ముద్దుగానే ఉంది. ఎందుకు సరిచేయించుకోవడం?"

సాయిశ్రీ ఫోను తీసి ఆవిడకి చూపించింది. "ఈ కామెంటుకి నాలుగు వేల లైకులండీ. బాగున్నానన్నవాళ్ళంతా మొహమాటానికి అన్నారు. నిజం చెప్పింది వీళ్ళొక్కళ్ళే."

చౌడేశ్వరి తొంగిచూసింది. ఏం బాగుంది? నలుపు. ఆ పళ్ళు చూడండి.

"అది నేనేనే," అంది. "నేనే పెట్టానమ్మడూ. నీకు దిష్టి తగలకూడదని..."

సాయిశ్రీకి కోపమొచ్చిందో ఏడుపొచ్చిందో ఆవిడకి తెలియలేదు.

"చిన్నప్పటి నుంచీ ఒక్కసారన్నా బాగున్నానని అనలేదు నువ్వు."

నిజమే, అనలేదు. తల్లి కన్నే అందరికంటే చెడ్డదని పదహారేళ్ళు నోరు కట్టేసుకుంది. ఇప్పుడు అనాలంటే భయమేసింది. అయినా డాక్టరు గారి ఎదురుగానే పిల్ల గడ్డం పట్టుకుంది. "చాలా బాగుంటావే. నువ్వు నవ్వుతుంటే మీ నాన్న మగ్గం ఆపి మరీ చూస్తాడు." అనేసి, అలవాటుకొద్దీ మెటికలు విరవబోయి ఆగిపోయింది.

సాయిశ్రీ మళ్ళీ నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"ఇది నిజమా అమ్మా, నేను అన్నం తినాలని అంటున్నావా?"