వడ్డించేవాళ్ళకు ఓటు

సింగపూర్‌లోని చోవా చూ కాంగ్‌లో ఆదివారం పొద్దున. ఫ్లాటు తలుపు తెరిచిన కల్పన గుమ్మంలో పెద్దిరాజును చూసింది. తర్వాత ఆయన భుజం మీదుగా లిఫ్టు వైపు చూసింది.

"ఒక్కరే వచ్చారా అంకుల్?"

"ఒక్కణ్ణేనమ్మా. రెండో మనిషిని ఎక్కణ్ణుంచి తేను?"

కల్పన నాలిక కరుచుకుంది. లోపలికి రమ్మనలేదు. కరపత్రం మాత్రం తీసుకుని, తలుపు మర్యాదగా వేసింది. మర్యాదగా వేసినా వేసినట్టే.

ఇందులో తప్పేముందని పాఠకులు అడగవచ్చు. ఆ తెలుగు కుటుంబాల సంఘంలో అధ్యక్ష పదవికి నిలబడినవాడు భార్యతో కలిసి ఇంటింటికీ వెళ్ళాలి. ఆమె ఇల్లాలికి బొట్టు పెట్టి ఓటుకు పిలవాలి. ఎక్కడా రాసిలేదు, కానీ అందరూ పాటిస్తారు. భార్య పోయినవాడు ఏ చేత్తో బొట్టు పెడతాడు? శుభమా అని ఎన్నిక జరుగుతుంటే ఒంటరి మగవాణ్ణి గడప ఎక్కించడం ఎవరికీ ఇష్టం లేదు.

ఎన్నిక రెండు విడతలు. మొదటి విడతలో ముగ్గురు నిలబడ్డారు. అందులో ఇద్దరే అసలు పోటీకి వెళతారు. మూడోవాడు పెద్దిరాజేనని అందరికీ తెలుసు, ఆయనకూ తెలుసు.

ఆయన అడిగింది ఒకటే. కాపురం సింగపూర్‌లో ఉన్నవాళ్ళకే ఓటు అన్న నియమం తీసెయ్యాలి. వర్క్ పర్మిట్ మీద వచ్చి, పెళ్ళాం బిడ్డలను ఊళ్ళో వదిలి, కట్టడాల దగ్గరా ఓడల యార్డులోనూ పనిచేసే కుర్రాళ్ళకు ఓటు ఉండాలి. ప్రతి పండక్కీ కుర్చీలు మోసేది వాళ్ళు, పందిరి కట్టేది వాళ్ళు, వడ్డించేది వాళ్ళు. చివరి బంతిలో, మిగిలింది తినేదీ వాళ్ళే.

భార్య ఆదెమ్మ పోయినప్పుడు సంఘం వాట్సాప్ గ్రూపులో పూల బొమ్మలు కుప్పలుగా వచ్చాయి. పనిరోజు కదా, ఎవరి ఆఫీసు వాళ్ళది. పాడె మోసింది పనివాళ్ళ వసతి డార్మిటరీల్లో ఉండే ఆ కుర్రాళ్ళే. పెద్దిరాజు ఆ పూల బొమ్మలను క్షమించలేదు.

గడపలు మూసుకుంటే ఆయన డార్మిటరీల దారి పట్టాడు. అక్కడ చప్పట్లే చప్పట్లు. ఆయన ప్రచారం చూసుకుంటున్న షకీలా, మొగుడితో ఇక్కడే కాపురం ఉంటూ చాంగీలో బ్యాంకు ఉద్యోగం చేసే హైదరాబాదీ అమ్మాయి, తల పట్టుకుంది.

"క్యా అంకుల్, ఓట్లు ఫ్లాట్లల్ల ఉంటే మీరు డార్మిటరీల తిరుగుతున్నరు! వాళ్ళకు ఓటే లేదు కదా?"

"లేదని తెలిసే అడుగుతున్నా. ఇంతవరకూ వాళ్ళను ఓటు అడిగినవాడెవడు?"

"ఓడిపోతం."

"ఓడిపోదాం. నోరు మూసుకుని మాత్రం కాదు."

మర్నాడు చక్రధర్ ఫోన్ చేసి ఆంగ్ మో కియోలో తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌కు పిలిచాడు. గెలుపు ఖాయమైన అభ్యర్థి. కోపీ, అంటే అక్కడి కాఫీ, తెప్పించి మెత్తగా మొదలుపెట్టాడు.

"అన్నగారూ, మీరు పెద్దవారు. తప్పుకోండి. వలంటీర్ల ఇన్‌ఛార్జ్ పదవి మీకే ఇస్తాం. కుర్రాళ్ళు మీ మాట వింటారు."

"అంటే మేస్త్రీ పనన్నమాట."

"అలా ఎందుకనుకుంటారు? పోయిన వదినగారి ఆత్మ కూడా..."

"వదిన పేరెత్తకు." పెద్దిరాజు లేచాడు. "బతికుండగా ఆవిడ చేతి పులిహోర మీరంతా తిన్నారు. పోయాక ఒక్కడూ రాలేదు. తప్పుకోను."

మొదటి విడత ఎన్నిక రోజు హాలు నిండింది. ఓట్లు పడ్డాయి, లెక్క తేలింది. పెద్దిరాజు మూడోవాడు. ఆయన పేరుకు కొన్ని చేతులు జాలిగా చప్పట్లు కొట్టాయి. చక్రధర్ మైకు అందుకుని అందరికీ దణ్ణం పెట్టి, తలుపు వైపు తిరిగాడు. అక్కడ ఓడల యార్డులో పనిచేసే తిరుమలేష్, అతని వెనక డార్మిటరీ జట్టు అన్నం, సాంబారు బకెట్లతో నిలబడి ఉన్నారు.

"తిరుమలేష్, ఇక వడ్డన కానివ్వండి తమ్ముళ్ళూ!"

తిరుమలేష్ బకెట్ కింద పెట్టాడు. వెనకవాళ్ళూ పెట్టారు.

"ఓటున్నోళ్ళు వడ్డిస్తరు సార్. మేం కూసుంటం." అతను వెళ్ళి మొదటి బంతిలో విస్తరి ముందు కూర్చున్నాడు. ఒక్కొక్కరే వచ్చి పక్కన సర్దుకున్నారు.

హాలంతా గుసగుసలు. "పని ఎగ్గొడితే ఎట్లా?" అన్నారెవరో. "పిల్లలు ఆకలితో ఉన్నారు," అన్నారింకెవరో. ఆ కుర్రాళ్ళు తెల్లారకముందే వచ్చి కుర్చీలు వేశారని ఎవరూ అనలేదు.

సంఘం పెద్ద సీతారామారావు ముందుకొచ్చాడు. "ఇది నువ్వు నేర్పిందేనా పెద్దిరాజూ?"

"నేను ఓటు అడగడం నేర్పాను. ఇది వాళ్ళంతట వాళ్ళే నేర్చుకున్నారు."

ఆయన అబద్ధం చెప్పలేదు. తిరుమలేష్ ఈ మాట ముందుగా ఆయనతో అనలేదు.

షకీలా చున్నీ నడుముకు బిగించి బకెట్ ఎత్తింది. "నాకు ఓటుంది. విస్తరి జరుపు తమ్మీ, అన్నం పెట్టి సాంబారు పోస్తా."

తిరుమలేష్ నవ్వాడు. "మీకు వడ్డించుడు రాదక్కా, అంతా కిందనే పోస్తున్నరు."

"నేర్చుకుంటా. నువ్వు తిను ముందు!"

ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు లేచి గరిటెలు పట్టారు. మిగిలినవాళ్ళు కదల్లేదు. చక్రధర్ మైకు బల్ల మీద పెట్టేశాడు.

సీతారామారావు విసుక్కున్నాడు. "ఓడిపోయావు కదయ్యా, ఇంకా ఎందుకీ పంతం?"

పెద్దిరాజు మైకు అడగలేదు. ఆయన గొంతు హాలుకు సరిపోయింది.

"ఓడింది నేను, వాళ్ళు కాదు. ఇన్నేళ్ళూ వాళ్ళ చేతులు మీకు కావలసి వచ్చాయి, ఆ చేతుల్లో ఓటు మాత్రం అక్కర్లేకపోయింది. వచ్చే ఏడు మళ్ళీ నిలబడతాను. మళ్ళీ ఓడించండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: మాట చెల్లని చోట పని చెయ్యనని చెప్పడమే మనిషి వేసే మొదటి ఓటు."